క్రికెట్ కాదప్పా

నల్లమ్మ ఆడే ఆట పేరు లాన్ బౌల్స్. పదిహేనేళ్ళలో ఆమె ఆ పేరు ఎంతమందికి చెప్పిందో! విన్నవాళ్ళంతా ఒకేలా తల ఊపి, "ఓహో, బౌలింగా? అంటే క్రికెట్టే కదా!" అనేవాళ్ళు. మొదట్లో ఓపిగ్గా విడమరిచి చెప్పేది. తర్వాత్తర్వాత "క్రికెట్ కాదప్పా" అని వదిలేసేది. ఇంకా తర్వాత ఆ మాటా అనకుండా తన పని తాను చూసుకునేది.

1972లో ఆమెకు ఇరవై ఆరేళ్ళు. కళ్యాణదుర్గానికి పది మైళ్ళ అవతల ఒక గని కంపెనీ ఉండేది. గనిలో ఊరే నీళ్ళను పంపులతో పైకి తోడిపోసేవాళ్ళు. అవి చవుడు నీళ్ళు, గొడ్లు కూడా మూతి పెట్టేవి కావు. ఆ నీళ్ళతోనే కంపెనీ క్లబ్బు ముందు నలభై గజాల చదరంలో గరిక పెంచారు. ఎండాకాలంలో చుట్టుపక్కల పది ఊళ్ళకూ పచ్చగా ఉండేది ఆ ఒక్క ముక్కే. కలుపు తీయడానికి, గరికను పొట్టిగా కత్తిరించడానికి, దాని మీద ఇనుప రోలర్ లాగడానికి నల్లమ్మను కూలికి పెట్టుకున్నారు. ఆమె మొగుడు బాలప్ప అదే క్లబ్బు గేటు దగ్గర వాచ్‌మన్.

ఆ గరిక మీద సాయంత్రాలు ఆట ఆడేది గని ఇంజనీరు భార్య ఐరిస్ దొరసాని. కోలారు గనుల్లో పుట్టి పెరిగిన ఆంగ్లో ఇండియన్ మనిషి. తెలుగు, కన్నడం, అరవం మూడూ కలిపి మాట్లాడేది. ముందు తెల్లటి చిన్న బంతి ఒకటి దూరంగా దొర్లించి పెట్టేవాళ్ళు. దాన్ని జాక్ అంటారు. తర్వాత ఒలిచిన టెంకాయంత నల్లటి గుండ్లను ఒక్కొక్కటే దొర్లించి, ఎవరిది జాక్‌కు దగ్గరగా ఆగితే వాళ్ళకు పాయింట్లు. చూడటానికి అంతే. కానీ ఆ గుండ్లు పూర్తిగా గుండ్రంగా ఉండవు. వేగం తగ్గేకొద్దీ ఒక పక్కకు వంగుతూ పోతాయి. ఎంత వంగుతాయో చేతికి తెలియాలి, నేల ఎట్లా ఉందో కాలికి తెలియాలి.

ఒక సాయంత్రం దొరసానికి జత ఆడే మనిషి రాలేదు. ఒక్కతే గుండ్లు వేసుకుంటూ ఉంది. వరసగా ఆరు గుండ్లు జాక్‌ను దాటి గరిక అంచున ఉన్న గుంతలో పడ్డాయి. రోలర్ లాగుతున్న నల్లమ్మ చూసి చూసి ఇక ఆగలేకపోయింది.

"దొరసానమ్మా, ఊరికే ఆ పక్కకే ఏస్తాండావు. ఆ మూల నేల దిగుండాది. దినామూ రోలర్ లాగేదాన్ని, నాకు తెలీదా?"

"అంత తెలిస్తే నువ్వే వెయ్యి చూద్దాం," అంది ఐరిస్, నవ్వకుండా.

నల్లమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని, చెయ్యి కొంగుకు తుడుచుకుని గుండు తీసుకుంది. ఎడమ పక్కగా, దూరంగా వదిలింది. అది దారి తప్పినట్టు పోయి పోయి, నెమ్మదిగా వంగి, జాక్ పక్కన జానెడు దూరంలో ఆగింది. ఐరిస్ ఆమె చేతికి ఇంకో గుండు అందించింది. దీపాలు పెట్టే వేళ దాకా ఇద్దరూ ఆడుతూనే ఉన్నారు. ఆ మర్నాటి నుంచి రోలర్ పని పొద్దున, ఆట సాయంత్రం.

నాలుగేళ్ళ తర్వాత ఐరిస్ ఆమెను కలకత్తా పోటీలకు తీసుకుపోతానంది. అక్కడి సంఘం పెట్టిన నియమం ప్రకారం ఆడవాళ్ళు తెల్లబట్టలే వేసుకోవాలి. ఆ మాట చెవిన పడగానే బాలప్ప గేటు వదిలేసి వచ్చాడు.

"నేను బతికుండంగానే తెల్లచీర కట్టుకుంటావా?"

"ఆట కోసరం అప్పా. ఆడున్నంత సేపే."

"ఏం ఆట? నన్ను పాడె మీద పండుకోబెట్టే ఆటనా?"

గౌను వేసుకోవచ్చని ఐరిస్ మధ్యలో సలహా ఇచ్చింది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఆమె వైపు ఒకేలా చూశారు. చివరికి ఎర్ర అంచు తెల్లచీర ఒకటి దొరికింది. కలకత్తాలో సంఘం కార్యదర్శి, పంచె కట్టుకున్న పెద్దాయన, ఆ అంచు చూసి కుదరదన్నాడు. రెండు పగళ్ళు, రెండు రాత్రులు రైల్లో కూర్చుని వచ్చిన నల్లమ్మకు ఒళ్ళు మండింది.

"మా దిక్కు ఉత్త తెల్లచీర మొగుడు సచ్చినోళ్ళు కట్టుకుంటారు సార్. నా మొగుడు గేటు కాడ గుర్రుపెట్టి నిద్రపోతాండాడు. వాణ్ణి నేను సంపలేను. ఈ అంచుతో ఆడనిస్తే ఆడతా, లేకుంటే రైలెక్కుతా."

ఐరిస్ దాన్ని ఇంగ్లీషులోకి ఎట్లా మార్చిందో గానీ, పెద్దాయన పడిపడి నవ్వి, అంచు ఒక వేలి వెడల్పు మించకుండా ఉంటే చాలన్నాడు. ఆ రాత్రి నల్లమ్మ అంచును సగానికి మడిచి కుట్టుకుంది. మూడో రోజు సింగిల్స్ ఫైనల్లో ఒక బారిస్టరు భార్య మీద ఇరవై ఒకటికి పదిహేడుతో గెలిచింది.

ఆ వార్త పేపరుకు పంపింది క్లబ్బు గుమాస్తా గంగాధరప్ప. మంచివాడు, ఇంగ్లీషు వచ్చినవాడు. ఆ ఇంగ్లీషుతోనే చిక్కంతా. నల్లమ్మ ఊరికి వచ్చేసరికి పేపర్లో 'క్రికెట్‌లో మన జిల్లా మహిళ విజయం' అని పడి ఉంది.

"ఏమన్నా, నేను యాడ క్రికెట్ ఆడినా?" అని ఆమె పేపరు పట్టుకుని క్లబ్బుకు పోయింది.

"బౌల్స్ అంటే పేపరాయనకు తెలీలేదు మ్మే. గిన్నెలా అని అడిగినాడు. గిన్నెల పోటీలో గెలిచిందని రాస్తే నీకు బాగుంటుందా? అందుకే నేనే క్రికెట్ అని చెప్పేసినా."

"నన్ను అడగొచ్చు కదన్నా!"

"నువ్వు రైల్లో ఉంటివి కదా," అన్నాడు గంగాధరప్ప, తప్పేమీ లేనట్టు.

1978లో హాంకాంగ్‌లో జరిగే పోటీకి కలకత్తా సంఘం ఆమెను ఎంపిక చేసింది. దానికి పాస్‌పోర్టు కావాలి. ఫారం గంగాధరప్పే నింపాడు. పుట్టిన తేదీ అడిగితే, పెద్ద కరువు తర్వాత చెరువు నిండిన ఏడు పుట్టానని నల్లమ్మ చెప్పింది. ఆయన ఏదో ఒక తేదీ వేశాడు. తండ్రి పేరు దగ్గర బాలప్ప, మొగుడి పేరు దగ్గర కూడా బాలప్ప అని రాశాడు. రెండు నెలలకు ఫారం తిరిగొచ్చింది. మళ్ళీ నింపి పంపితే, విచారణకు కానిస్టేబుల్ వచ్చాడు. ఆ పూట నల్లమ్మ ఇంట్లో లేదు. బాలప్ప ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి, టీ ఇచ్చి, గొప్పగా చెప్పాడు.

"మా ఆడది ఇంగ్లండు రాణితో ఆడేకి పోతాండాది సార్. మళ్ళ వస్తాదో రాదో, వాళ్ళు ఆన్నే పెట్టుకుంటారేమో!"

మళ్ళీ రాకపోవచ్చన్న మాటను కానిస్టేబుల్ శ్రద్ధగా రాసుకుపోయాడు. ఆ ఒక్క ముక్కకు సమాధానాలు రాయడానికే ఇంకో మూడు నెలలు పట్టింది. పోటీలు ముగిసిన పందొమ్మిదో రోజున పాస్‌పోర్టు వచ్చింది. నల్లమ్మ దాన్ని తెరిచి తన ఫోటో చూసుకుంది. ట్రంకుపెట్టె అడుగున బట్టల కింద పెట్టి మూత వేసింది. మూడు రోజులు మొగుడితో మాట్లాడలేదు. బాలప్ప రోజుకోసారి, "మంచిమాటే కదా చెప్పినా," అంటూ ఆమె వెనకే తిరిగాడు.

మరుసటి ఏడాది గని మూతపడింది. పంపులు ఆగిన నెలకే గరిక ఎండి, గాలికి లేచిపోయింది. ఐరిస్ భర్తతో కోలారుకు వెళ్ళిపోతూ నాలుగు గుండ్లూ, ఒక జాకూ, నిలబడి వేయడానికి రబ్బరు చాపా నల్లమ్మకు ఇచ్చింది.

"ఇవి ఇంట్లో దాచిపెట్టేకి కాదు," అంది.

"గరిక లేకుండా యాడ ఆడేది దొరసానమ్మా?"

ఐరిస్ కళ్ళు తుడుచుకుని జీపెక్కింది.

నల్లమ్మ చెనక్కాయల మిల్లులో కాయలు ఒలిచే పనికి చేరింది. ఆడే చోటు కోసం ఊరంతా తిరిగింది. బడి ముందు నేల గులకరాళ్ళు, చెరువు నేల నెర్రెలు. చివరికి కంటపడింది తోడబుట్టిన అన్న చేలో ఉన్న కల్లం. చెనక్కాయ పంట ఇంటికి చేరాక అది ఏడాదిలో తొమ్మిది నెలలు ఖాళీనే. ఆమె దాన్ని ఇంకా పొడుగ్గా చెక్కించి, చిమ్మి, నీళ్ళు చల్లి, బండరాయి దొర్లించి, పేడతో అలికింది. ఆరాక అద్దంలా వచ్చింది. మొదటి గుండు వదిలితే అది కల్లం దాటి, గట్టు దాటి, కందిచేలో దూరింది.

నెలరోజులు పట్టింది చెయ్యి అదుపులోకి రావడానికి. పసిబిడ్డను నేల మీద దించినంత మెల్లగా వదిలితేనే గుండు ఆగేది. వంపు కూడా గరిక మీదకన్నా రెండింతలు. రెండు రోజులకోసారి అలకకపోతే పొర లేచిపోయేది. ఆ అలుకు కోసం పేడ తెచ్చేది అన్న ఇంటి కొట్టం నుంచే. వదిన మారెక్క మూతి ముడిచేది.

"పేడంతా నీ కల్లానికే పోస్తే నేను వాకిట్లో ఏం సల్లుకోవల్ల? దినాం మార్సి దినం అలుకుతావు, ఆడేమన్నా పెండ్లి ఉండాదా?"

"ఆట వదినా."

"ఒక్కదానివే ఆడేది ఆటెట్లయితాది? ఓడేది నువ్వే, గెలిసేది నువ్వే!"

నల్లమ్మ పేడ తట్ట నెత్తికెత్తుకుని కల్లం దారి పట్టింది. కానీ ఆ మాట ఆమెను చాలా రోజులు గుచ్చింది.

1981లో హాంకాంగ్ పిలుపు మళ్ళీ వచ్చింది. ట్రంకుపెట్టె అడుగున ఉన్న పాస్‌పోర్టు ఈసారి పనికొచ్చింది. కలకత్తా ఆడవాళ్ళు ముగ్గురితో కలిసి విమానం ఎక్కింది. అక్కడ గడ్డి దుప్పటిలా దట్టంగా ఉంది. అప్పుడే వాన కూడా పడింది. కల్లం మీద అలవాటైన చేత్తో వేస్తే గుండు సగం దూరంలోనే ఆగిపోయేది. బలంగా వేస్తే వంగేది కాదు. మొదటి మూడు ఆటలూ వరసగా ఓడిపోయింది. జట్టు మేనేజరు వచ్చి, కొంచెం నవ్వుతూ ఆడితే చూసేవాళ్ళకు బాగుంటుందని హిందీలో చెప్పింది.

"ఓడిపోతా నవ్వేకి నాకు పిచ్చా?" అంది నల్లమ్మ తెలుగులోనే. మేనేజరుకు భావం అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే ఆమె చెప్పులు విప్పి మైదానంలోకి దిగింది. కాపలాదారు అరిచాడు. ఆమె వినిపించుకోలేదు. ఏ మూల చల్లగా ఉందో, ఏ మూల ముందు ఆరుతోందో పాదాలతో తొక్కి చూసుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. ఏడేళ్ళు గరికలో కలుపు తీసిన మనిషికి ఆ మాత్రం చాలు. ఎదుటి గట్టు దగ్గర కుడి మూల ఎండ తగిలి గట్టిపడింది, తక్కినదంతా మెత్తన. ఆ రోజు నుంచి నాలుగు ఆటలు వరసగా గెలిచింది. చివరిది స్కాట్లండు నుంచి వచ్చిన అరవై ఏళ్ళ ముసలామె మీద. ఆట అయ్యాక ఆమె నల్లమ్మ చెయ్యి పట్టుకుని తిప్పి, అరచేతిలో కాయలు చూసి ఏదో అంది. మెచ్చుకుందో జాలిపడిందో నల్లమ్మకు తెలియలేదు. మొత్తం పదహారు మందిలో ఆమెకు ఐదో స్థానం దక్కింది. మొదటి మూడు రోజులు వృథా చేసుకున్నానని తిరుగు విమానంలో తనను తాను తిట్టుకుంటూనే వచ్చింది.

కళ్యాణదుర్గంలో సన్మానం చేశారు. ఏర్పాట్లు చేసింది గంగాధరప్పే. ఒక నాయకుడు పూలదండ వేసి, దేశానికి పేరు తెచ్చిన ఆడబిడ్డ అని అరగంట మాట్లాడి, చేతికి కొత్త క్రికెట్ బ్యాటు ఇచ్చాడు. నల్లమ్మ బ్యాటు వైపు, గంగాధరప్ప వైపు చూసి మైకు అందుకుంది.

"అన్నా, అందరికీ దండం. నేను ఆడేది క్రికెట్ కాదప్పా. దీంట్లో బ్యాటు లేదు, పరుగెత్తేది లేదు. ఒక సిన్న తెల్ల బంతి ఉంటాది..."

జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగేలోగా మైకు ఇంకొకరి చేతికి పోయింది. బ్యాటుతో ఆమె చాలాకాలం బట్టలు ఉతికింది. చెక్క మంచిది.

రెండేళ్ళ తర్వాత క్రీడాకారుల కోటాలో ఆమెకు అటెండరు ఉద్యోగం వచ్చినట్టు కాగితం వచ్చింది. బాలప్ప పకోడీలు తెచ్చాడు. గంగాధరప్ప కాగితం చదివి వినిపించాడు. అందులో 'క్రికెట్ క్రీడాకారిణి' అని ఉంది. కింద తాను ఆ క్రీడాకారిణినేనని సంతకం చేసి పంపాలి.

"ఈ ముక్క దిద్దిచ్చన్నా," అంది నల్లమ్మ.

"దిద్దిస్తే మళ్ళ మొదటికి వస్తాది మ్మే. సంతకం పెట్టు. పోయేదేముంది?"

"రేపు వాళ్ళు బంతి ఇచ్చి ఎయ్యమంటే?"

"ఎవరు ఎయ్యమంటారు? టీలు అందించే పనికి క్రికెట్ యాడొస్తాది?"

"పదకొండేండ్లు ఆడినా అన్నా. ఒక్క కాగితంలోనన్నా నా ఆట పేరు ఉండనీ."

బాలప్ప పకోడీల పొట్లం పక్కన పెట్టి, "కడుపుకు అన్నం పెట్టే కాగితమే అది," అన్నాడు మెల్లగా. అతను అరిచి ఉంటే ఆమె కూడా అరిచేది. అతను అరవలేదు. అయినా ఆమె సంతకం పెట్టలేదు.

మర్నాడు నాలుగు గుండ్లూ గుడ్డసంచిలో వేసుకుని అనంతపురం బస్సెక్కింది. కాగితం పంపిన ఆఫీసులో మూడు గంటలు కూర్చోబెట్టాక లోపలికి పిలిచారు. ఆమె ఒక గుండు తీసి ఆఫీసరు బల్ల మీద దొర్లించింది. అది ఫైళ్ళ పక్కగా నేరుగా వస్తున్నట్టే వచ్చి, చివర్లో వంగి, ఆయన సిరాబుడ్డిని ముద్దుపెట్టుకుని ఆగింది. ఆయన కుర్చీలో ముందుకు వంగాడు.

"ఇది గుండ్రంగా లేదే!"

"అదే ఆట సార్."

ఆయన గుండును చేతిలో తిప్పి చూసి, రెండుసార్లు తానే దొర్లించాడు. రెండుసార్లూ బల్ల మీంచి కింద పడింది. మూడోసారికి పట్టుబడింది. సంతోషపడి, ఆట పేరు తన చేత్తోనే సరిగ్గా రాసి పైకి పంపాడు. ఆరు నెలలకు పైనుంచి సమాధానం వచ్చింది. జాబితాలో ఆ ఆట లేదు కాబట్టి ఉద్యోగం ఇవ్వడం కుదరదు. నల్లమ్మ మళ్ళీ పోయి అడిగితే ఆఫీసరు, "నేను రాసినందుకే పోయింది చూడమ్మా," అన్నాడు, నిజంగానే బాధపడుతూ.

ఆ తర్వాత రెండేళ్ళు వాన లేదు. చెనక్కాయ విత్తనం నేలలోనే మాడిపోయింది. మిల్లు వారానికి రెండు రోజులు నడిచేది. ఆ రోజుల్లో సంతకం పెట్టి ఉంటే బాగుండేదేమోనని నల్లమ్మ చాలాసార్లు అనుకుంది, ఎవరికీ చెప్పలేదు. కల్లం అలకడం మాత్రం మానలేదు. పశువులు కూడా లేక అన్న కొట్టం బోసిపోయింది, పేడ కోసం రెండు ఊళ్ళు తిరగాల్సి వచ్చేది.

ఒక మధ్యాహ్నం మారెక్క కల్లం గట్టు మీద వచ్చి కూర్చుంది.

"నల్లీ, కలకత్తాలో ఆడేకి పోతే మూడు పూట్లా అన్నం పెడతారంట కదా?"

"పెడతారు."

"ఇద్దరాడేది కూడా ఉంటాదంట కదా?"

"ఉంటాది వదినా. అయితే?"

"అయితే నాకు నేర్పియ్యి."

నేర్పడంలో నల్లమ్మ ప్రాణం విసిగిపోయింది. మారెక్కకు అప్పుడు నలభై ఐదు. చాప మీద నిలబడదు, నోట్లో ఆకువక్క ఉమ్మదు, గుండు వదిలాక దాని వెనకాలే సగం దూరం నడుస్తూ "పో, పో, ఇంకొంచెం పో" అని దానితో మాట్లాడుతుంది. ఎడమ పక్క వెయ్యమంటే కుడి పక్క వేస్తుంది. అడిగితే, "నా సెయ్యి అట్లే పోతాది," అంటుంది. కానీ ఆ చెయ్యి ఎట్లా పోయినా గుండు జాక్ దగ్గరికే చేరేది. అదే నల్లమ్మను ఇంకా మండించే సంగతి. ఆమె పదేళ్ళు కష్టపడి పట్టుకున్న వంపు ఈమెకు రెండు నెలల్లో వచ్చేసింది.

1985లో ఇద్దరూ కలకత్తాలో జంటల పోటీ గెలిచారు. మారెక్క పాస్‌పోర్టు ఫారం నింపే రోజు నల్లమ్మ గంగాధరప్ప పక్కనే కూర్చుని, ప్రతి గడీ రెండుసార్లు చదివించుకుంది. కానిస్టేబుల్ వచ్చే రోజు బాలప్పను తనకల్లు అనే ఊళ్ళో చుట్టాలింటికి పంపేసింది.

మరుసటి ఏడాది సింగపూర్‌లో మూడో స్థానం కోసం మలేషియా జంటతో ఆట. నలుగురూ తలా నాలుగు గుండ్లు వేస్తే ఒక విడత. అట్లా ఇరవై విడతలు అయ్యేసరికి రెండు జట్లకూ సమానంగా పాయింట్లు. చివరి విడత మిగిలింది. ముందు వేసేది మారెక్క. నల్లమ్మ జాక్ దగ్గర నిలబడి, ఎట్లా వెయ్యాలో చేత్తో చూపించాలి. కుడి పక్క నుంచి రమ్మని చూపించింది. ఎడమ పక్క మెత్తగా ఉందని పొద్దున్నే తొక్కి చూసుకుంది.

మారెక్క మొదటి మూడు గుండ్లూ కుడి పక్క నుంచే వేసింది. మూడూ దూరంగా ఆగాయి. నాలుగోది చేతిలోకి తీసుకుని ఎడమ పక్కకు తిరిగింది.

"వదినా! ఆ పక్క కాదు! నేల మెత్తగుండాది!" అని నల్లమ్మ నలభై గజాల అవతల నుంచి అరిచింది. అంపైరు తిరిగి చూశాడు.

మారెక్క వినలేదు. గుండు వదిలి, దాని వెనకే నడుస్తూ మాట్లాడటం మొదలుపెట్టింది. అది బద్ధకంగా వచ్చింది. మెత్తటి నేల మీద ఆగిపోతుందనుకున్నచోట ఆగకుండా, ఇంకో రెండు చుట్లు తిరిగి, జాక్‌కు ఆనుకుని నిలబడింది.

మలేషియా జంటలో ముందు వేసే ఆమె దాన్ని పక్కకు తోయాలని బలంగా వేసింది. గుండు వెంట్రుకవాసిలో తప్పిపోయింది. ఇక నల్లమ్మ వంతు. ఆమె చాప దగ్గరికి నడిచి వచ్చింది, మారెక్క జాక్ దగ్గరికి పోయింది.

"దేన్నీ కదిలియ్యొద్దు!" అని ఈసారి మారెక్క అరిచింది. "ఎనకాలే ఆపు! నా గుండుకు తగిలిందంటే ఊరికి రాను!"

నల్లమ్మ పళ్ళు బిగబట్టి తన నాలుగు గుండ్లూ ఒకదాని తర్వాత ఒకటి జాక్‌కు ముందూ వెనకా కాపలా పెట్టింది. మలేషియా రెండో ఆమె చివరి గుండుకు దారి దొరకలేదు. అంపైరు వచ్చి, వంగి చూసి, కొలవాల్సిన పని కూడా లేదని చెయ్యెత్తాడు.

కంచు పతకాలు మెడలో వేసేటప్పుడు కూడా నల్లమ్మ ఊరుకోలేదు.

"కుడి పక్క అని నేను సూపిస్తే ఎడమ పక్క ఎందుకేసినావు?"

"ఆగిందా లేదా?"

"ఆగింది. అది కాదు వదినా, ఆ మూల తడి..."

"ఆగింది కదా. మళ్ళ ఇంకేం?"

ఫోటో తీసేవాడు ఇటు చూడమని మూడుసార్లు చెప్పి, విసిగిపోయి అట్లాగే తీసేశాడు. ఆ ఫోటో ఇప్పటికీ మారెక్క ఇంట్లో గోడకు ఉంది. అందులో మారెక్క బుగ్గలో ఆకువక్కతో నిటారుగా కెమెరావైపు చూస్తూ ఉంటుంది. నల్లమ్మ ఆమె వైపు తిరిగి, నోరు తెరిచి, ఒక చెయ్యి కుడి పక్కకు చాపి ఉంటుంది.